సారు చెప్పొద్దన్న మాట

మా డ్రిల్లు సారు పోయిన సంగతి మాకు గ్రౌండులోనే తెలిసింది. ముందురోజు సాయంత్రం సారూ, ఆయన భార్యా చొప్పదండిలో చుట్టాలింటికి వెళ్లారు. "పొద్దుగాల మొదటి బస్సుకే వస్త. నేను రాలేదని కూసోకుండ్రి, షురూ చెయ్యుండ్రి" అని చెప్పి మరీ వెళ్లారు. ఐదున్నరకు రోజూలాగే తొమ్మిది మందిమి చేరాం. బస్సు ఆలస్యమైందేమో అనుకుని పరుగు మొదలుపెట్టాం. మూడో చుట్టులో ఉండగా మసీదు మైకులో ఉర్దూలో ఏదో చెప్పారు. అందులో సారు పేరు వినిపించింది. మాలో ఉర్దూ తెలిసిన టైలరు ఒక్కడే. అతను పరుగు ఆపి, జేబులోంచి రుమాలు తీసి తలకు కట్టుకున్నాడు. మిగతావాళ్లం అతని ముఖం చూసి ఆగిపోయాం.

నేను మాత్రం ఆ చుట్టు పూర్తి చేశాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

సారుది ఖానాపూర్. ఆదిలాబాద్ దిక్కు సర్కారు బడుల్లో ముప్పై ఏళ్లు పిల్లలతో డ్రిల్లు చేయించారు. రిటైరయ్యాక భార్య పుట్టిన ఊరని మా ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్కటే గోడ. మాది మరమగ్గాల ఊరు. వాటిని మేం సాంచాలంటాం. ఇరవై ఏళ్లుగా నా బతుకు వాటి మధ్యనే. నాలుగు సాంచాల మధ్య పన్నెండు గంటలు అటూ ఇటూ తిరగడం, పోగు తెగితే ముడి వేయడం, నూలు చుట్టిన కండె అయిపోతే మార్చడం, ఇదీ పని. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి మాకు బయట కూడా మాటలు తక్కువే.

వచ్చిన కొత్తలో సారు గోడ మీది నుంచి నన్ను పలకరించి, "బేటా, కసరత్తు ఏమన్న చేస్తవా?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. "రోజంత నిలబడే ఉంట సార్, నడుస్తనే ఉంట. ఇంకేం కసరత్తు?" అన్నాను. మా సాంచాల షెడ్లలో ఎవరిని అడిగినా ఇదే జవాబు చెబుతారు. ఇన్నేళ్లు నిలబడి పనిచేసేవాడికి వేరే వ్యాయామం ఎందుకని మా అందరి నమ్మకం. నడుం నొప్పి, పిక్కల్లో ఉబ్బిన నరాలు, ఆయాసం, ఇవన్నీ పనితో పాటే వస్తాయని ఊరుకుంటాం. సారు వాదించలేదు. "అది సాంచా నిన్ను తిప్పుడు. నువ్వు తిరుగుడు వేరే ఉంటది" అని లోపలికి వెళ్లిపోయారు. ఈ రిటైరైనోళ్లకు ఏం పనుంటుంది, మాటలు తప్ప, అనుకున్నాను.

మూడేళ్ల కిందట మా షెడ్డు కొన్ని నెలలు మూతపడింది. మళ్లీ తెరిచారు గానీ నేను వెళ్లలేదు. వెళ్లబుద్ధి కాలేదు. గోడవైపు తిరిగి పడుకుంటే పొద్దు గూకేదాకా అలాగే ఉండేవాణ్ని. నిద్రా పట్టదు, లేవనూ లేను. గడ్డం పెరిగింది. నా భార్య అన్నం పెడితే రెండు ముద్దలు తిని, చేయి కడుక్కోవడానికి కూడా బద్ధకించేవాణ్ని. ఇంట్లోవాళ్లు సోమరితనం అన్నారు. గాలి సోకిందని మా పెద్దమ్మ తాయెత్తు కట్టించింది. నాకైతే ఏమీ అనిపించేది కాదు. అదే అన్నిటికంటే భయంగా ఉండేది.

ఒక పొద్దున సారు వచ్చి తలుపు కొట్టారు. "బేటా, జర నాతోని గ్రౌండు దాకా రా. ఒక్కన్నే పోతుంటే కుక్కలు మొరుగుతున్నయ్, పరేషాన్ చేస్తున్నయ్" అన్నారు. పెద్దమనిషి అడిగితే కాదనలేక చెప్పులేసుకున్నాను. రెండో రోజూ అదే మాట, మూడో రోజూ అదే. ఓ పదిహేను రోజుల తర్వాత గానీ చూడలేదు, ఆ వీధి కుక్కలన్నీ సారు జేబులోని బిస్కెట్ల కోసం తోకలాడిస్తూ వెంట వస్తున్నాయి! అడిగితే, "అప్పుడు మొరిగినయ్, ఇప్పుడు దోస్తులైనయ్" అని చిన్నపిల్లాడిలా నవ్వారు.

మొదట్లో ఒక్క చుట్టు నడిస్తేనే ఆయాసం వచ్చేది. కాళ్లు పట్టేసేవి. సారు ఎప్పుడూ పెద్ద మాటలు చెప్పలేదు. "పది దినాల్ల మారిపోత అనుకోకు. ముందుగాల ఆకలైతది. తర్వాత నిద్ర వస్తది. మనసు సంగతి అన్నిటికంటే ఆఖరికి" అనేవారు. అలాగే జరిగింది. రెండో నెలలో ఆకలి వేసింది. తర్వాత ఎప్పుడో ఒకరోజు తెల్లారేదాకా నిద్రపోయి లేస్తే, ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. మళ్లీ షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాక, తెగిన పోగు ముడేస్తూ ఇంట్లో ఇవాళ ఏం కూర వండి ఉంటుందో అని ఆలోచిస్తున్నానని నాకు నేనే పట్టుబడ్డాను. అంతకుముందు చాలా రోజులుగా నాకు దేని మీదా ఆశ లేదు, కూర మీద కూడా. నడుం నొప్పి పూర్తిగా పోలేదు గానీ, దాని గురించి రోజంతా ఆలోచించడం మానేశాను.

అయితే ఇదంతా కసరత్తుతోనే అయిందని చెబితే సారు ఒప్పుకోరు. మధ్యలో ఒక సంగతి జరిగింది. అది రాయకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

గ్రౌండుకు వెళ్లడం మొదలుపెట్టిన నెలలోపే ఒక పొద్దున, గోల్‌పోస్టు పక్కన కూర్చుని చెప్పుల్లో చేరిన ఇసుక దులుపుకుంటూ నేను సారుతో అన్నాను. "పొద్దుగాల లేవకుంట గట్లనే పోతే బాగుండనిపిస్తుంది సార్. ఇంట్ల చెప్పకుండ్రి." ఆయన నా భుజం మీద చేయి వేశారు. సరేనన్నట్టే నాకు అనిపించింది. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి నా ఎదుటే నా భార్యకు చెప్పేశారు. ఆమె ఏడుస్తూ, "చెప్పుకునేటందుకు నేను లేనా?" అని నన్ను అడిగింది. మర్నాడు సారు మా ఇద్దరినీ కరీంనగర్‌లో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు మందులు రాసి, వ్యాయామం కూడా మానొద్దన్నారు.

నాకు సారు మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నమ్మి చెబితే ఊరంతా టముకు వేశాడని, కరీంనగర్ నుంచి వచ్చాక మూడు రోజులు ముఖం చూడలేదు. నాలుగో రోజు పొద్దున గేటు దగ్గర నిలబడి, "మాట్లాడకు. తిట్టుకో. కోపంతోనే ఉరుకు, ఇంక మంచిగ ఉరుకుతవు" అన్నారు. నిజంగానే ఆ రోజు ఆగకుండా రెండు చుట్లు పరుగెత్తాను. కొన్ని నెలలకు బాగుందనిపించి మందు గోలీలు మానేస్తే ఆయనే పసిగట్టి గట్టిగా కోప్పడ్డారు. "నేను డాక్టర్నా? డ్రిల్లు సారును. ఆయన చెప్పినప్పుడు ఆపు, నాకు చూపెట్టకు నీ హుషారు" అన్నారు.

నన్ను చూసి షెడ్డు నుంచి ఇంకో ఇద్దరొచ్చారు. టైలరు వచ్చాడు. షుగరున్న గుడి పంతులుగారొకరు వచ్చారు. అలా ఒకరి వెంట ఒకరు చేరి, సారు కాక తొమ్మిది మందిమయ్యాం. రంజాన్ నెలలో సారు పరుగెత్తేవారు కాదు. గట్టు మీద కూర్చుని మాకు మాత్రం ఒక్క చుట్టు కూడా తగ్గనిచ్చేవారు కాదు. తెల్ల కాన్వాస్ బూట్లకు సుద్దముక్క రుద్దుకుని వచ్చేవారు. మేం చెప్పులతో వస్తే మా కాళ్లకేసి చూసేవారు. ఆ చూపు భరించలేకే మేమందరం బూట్లు కొన్నాం.

పోయిన నెలలో ఒక చల్లటి పొద్దున గ్రౌండు గేటు పట్టుకుని సారు నిలబడిపోయారు. నుదుటి నిండా చెమట. "ఏమైంది సార్?" అన్నాను. "గ్యాస్ బేటా. రాత్రి వంకాయ తిన్న" అన్నారు. నాలుగు రోజులకు మళ్లీ అదే. ఈసారి ఎడమ చేయి రుద్దుకుంటూ కూర్చున్నారు. డాక్టరు దగ్గరికి పోదామన్నాను. "చొప్పదండి పోయి వచ్చినంక పోదాం. నువ్వు మాత్రం ఎవ్వరికీ చెప్పకు. డ్రిల్లు సారే ఛాతి పట్టుకున్నడంటే వీళ్లంత రేపటి నుంచి ముసుగు తన్ని పండుకుంటరు" అన్నారు. నేను సరేనన్నాను.

నేను సరేనన్నాను. ఆ మాట గురించే నా ఏడుపంతా. నేను చెప్పొద్దని వేడుకున్న మాటను ఆయన ఆ పూటే మా ఇంట్లో చెప్పి నన్ను బతికించారు. ఆయన చెప్పొద్దన్న మాటను నేను బుద్ధిమంతుడిలా దాచాను. గోడ అవతల ఆయన భార్య ఉంది. మేం చాచీ అని పిలుస్తాం. పిలిస్తే పలుకుతుంది. నేను పిలవలేదు. మూడేళ్లు ఆయన వెనక పరుగెత్తి, నేర్చుకోవాల్సిన ఒక్కటి నేర్చుకోలేదు.

చొప్పదండిలో తెల్లవారుజామున నమాజుకు లేచి, కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ చేస్తూ పడిపోయారట. పది గంటలకు ఇంటికి తెచ్చారు. మేం తొమ్మిది మందిమీ పాడెకు భుజం పట్టాం. పంతులుగారు కూడా పట్టారు. ఖబరస్తాన్‌లో అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ల మట్టి వేశాను.

మర్నాడు హోటల్లో చాయ్ తాగుతూ ఒకాయన, "రోజూ ఉరికిన మనిషే గిట్ల పోయిండు. ఉరకనోళ్లం మనం మంచిగనే ఉన్నం" అన్నాడు. పక్కనున్నవాళ్లు తలూపారు. నాకు ఒళ్లు మండింది. "ఉరుకుడు ఒక్కటే చేసిండు, డాక్టరు దగ్గరికి పోలేదు, అందుకు పోయిండు" అని అరవాలనిపించింది. అరిస్తే, మరి నీకు తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. చాయ్ సగంలో వదిలేసి వచ్చేశాను.

ఆ తర్వాత గ్రౌండుకు ముగ్గురే వెళుతున్నారని విన్నాను. నేను వెళ్లలేదు. పదకొండు రోజులు వెళ్లలేదు. షెడ్డు నుంచి రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం. నా భార్య గోలీల డబ్బీ తెచ్చి ఎదురుగా పెట్టి, నేను మింగేదాకా అక్కడే నిలబడేది. ఆమె కళ్లలో మూడేళ్ల కిందటి భయం మళ్లీ కనబడింది. చివరికి ఆమెకు అంతా చెప్పాను. "చాచీకి చెప్పు. నాకు తెలుసని, చెప్పలేదని చెప్పు. తిడితే తిట్టనీ" అన్నాను.

నేనే వెళ్లి చెప్పాల్సిన మాట అది. కానీ చాచీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయినామె నాలుగు నెలల పది రోజులు వీధి గడప దాటదు, పరాయి మగవాళ్లకు కనబడదు. అందుకే నా భార్య వెళ్లింది. గంట తర్వాత కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

చాచీ అంతా విని, "నాకు సుత గ్యాసే అన్నడమ్మా. జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది నేనే. మరి నన్ను నేనెంత తిట్టుకోవాలె?" అందట. కాసేపు ఇద్దరూ ఏడ్చారట. లేచి వస్తుంటే చేయి పట్టుకుని మళ్లీ అందట: "పొద్దుగాల మీ గేటు తీసిన సప్పుడు రావట్లేదు. ఇద్దత్ నాది. మీ ఆయనకేం ఇద్దత్ ఉన్నదని లోపల కూసున్నడు?"

ఆ రాత్రి నేను పడుకున్నాను గానీ నిద్రపోయానని చెప్పలేను. ఐదింటికి లేచి బూట్లు వేసుకున్నాను. సారు లేని గ్రౌండును చూడాలంటే భయంగానే ఉంది. వాకిట్లోకి వచ్చి గేటు గొళ్లెం మీద చేయి వేశాను. గోడ అవతల చెప్పుల చప్పుడు వినిపించింది. ఎన్నిసార్లు రమ్మన్నా, మోకాళ్ల నొప్పులని సాకు చెప్పి ఒక్కనాడూ గ్రౌండుకు రాని చాచీ తన వాకిట్లో నడుస్తోంది. నెమ్మదిగా, ఒక కాలు కొంచెం ఈడుస్తూ. వంటింటి వైపు నుంచి వచ్చిన చెప్పులు వీధి తలుపు దాకా వెళ్లాయి. అక్కడ కాసేపు ఆగాయి. మళ్లీ వెనక్కి తిరిగాయి.