వెనక్కి వెళ్ళిపోయిన టీ ట్రే

చేతిదాకా వచ్చిన ఉద్యోగాన్ని ఒక్క కప్పు టీతో ఎలా తగలబెట్టుకోవచ్చో నేర్చుకోవాలని ఉందా? అయితే ఇలా వచ్చి కూర్చోండి. ఈ విద్యలో నన్ను మించిన గురువు మీకు దొరకరు.

తొంభైల్లో సంగతి. భిలాయి సెక్టర్ 7లో మా క్వార్టరు. నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. నాకు ఇరవై ఏళ్ళు. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం రాలేదు. తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. ఆ రెండింటి కంటే ఇంగ్లీషు బాగా వచ్చని నా నమ్మకం. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరి అప్పటికి రెండు నెలలైంది మరి.

అక్కడ ఒక వారమంతా టీ మర్యాదలే చెప్పారు. నిజంగా చెబుతున్నాను, నోరు తెరుచుకుని విన్నాను. మా ఇంట్లో టీకి ప్రశ్నలుండవు. మనిషి గుమ్మం ఎక్కగానే అమ్మ స్టౌ వెలిగిస్తుంది, అంతే. ఇంగ్లీషువాళ్ళకేమో ఒక్క కప్పు చుట్టూ ఎన్ని ప్రశ్నలో. "వుడ్ యూ లైక్ ఎ కప్ ఆఫ్ టీ?" అని మొదలు. తాగుతానంటే "హౌ డూ యూ టేక్ ఇట్?" పాలు ఎన్ని, చక్కెర ఎంత, స్ట్రాంగా, లైటా, ఇంకో కప్పు పుచ్చుకుంటారా. తాగేవాడికి కూడా ఒక ఇష్టం ఉంటుందని, దాన్ని ఇంత మెత్తగా అడగొచ్చని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ వాక్యాలను బస్సులో కూడా పెదవులు కదుపుతూ వల్లించేదాన్ని. పక్కన కూర్చున్నవాళ్ళు నేనేదో మొక్కుకుంటున్నాననుకుని కాస్త జరిగి కూర్చునేవారు.

సార్ చెప్పిన ఒక నియమాన్ని మాత్రం ఎర్ర ఇంకుతో రాసుకున్నాను. అతిథి వద్దంటే మళ్ళీ అడగకూడదు, బలవంతం చేయడం మోటుతనం. మా కొంప ముంచింది ఆ నియమమే.

అప్పలనాయుడు మావయ్య ప్లాంటు క్యాంటీన్లో టీ కాచే విభాగానికి పెద్ద. శ్రీకాకుళం నుంచి నాన్నతో పాటు ఒకే రైలెక్కి వచ్చిన మనిషి. చుట్టం కాదు, అంతకంటే ఎక్కువ. కొలిమి ముందు పనిచేసి వచ్చినవాళ్ళు ఆయన టీ తాగాకే మళ్ళీ మనుషుల్లో పడతారని నాన్న అనేవారు. ఊళ్ళో కొత్తగా తెరుస్తున్న ఒక గెస్ట్‌హౌస్ యజమాని ఆయనకి స్నేహితుడు. రిసెప్షన్లో కూర్చోవడానికి ఇంగ్లీషూ మర్యాదా రెండూ తెలిసిన అమ్మాయి కావాలట. "మన సుజాత ఉంది గదా, ఓపాలి చూసొచ్చి చెప్తాను" అన్నారట మావయ్య.

ఆదివారం సాయంత్రం వచ్చారు. అమ్మ అల్లం దంచి వేసిన టీ వాసన గేటుదాకా వెళ్ళి ఆయన్ని లోపలికి తీసుకొచ్చింది. షోకేసులోంచి పింగాణీ కప్పులు కిందికి దిగాయి. నేను ట్రే పట్టుకుని ఆయన ముందు నిటారుగా నిలబడ్డాను.

"వుడ్ యూ లైక్ ఎ కప్ ఆఫ్ టీ, మావయ్యా?"

ఆయన ట్రే వైపు ఆప్యాయంగా చూశారు. "ఇప్పుడెందుకమ్మా, ఇంటికాడ తాగీసే వచ్చినాను."

మీరు తెలుగువాళ్ళు, మీకు చెప్పక్కర్లేదు. మన 'వద్దు'కి మూడు మెట్లుంటాయి. మొదటిది మర్యాదకి. రెండోది ఇల్లాలి శ్రమ తలుచుకుని. మూడోసారి నోరు వద్దంటూ ఉండగానే చెయ్యి కప్పు అందుకుంటుంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే, నాకూ తెలుసు. కానీ ఆ నిమిషంలో నేను సెక్టర్ 7లో లేను, లండన్‌లో ఉన్నాను.

"యాజ్ యూ ప్లీజ్, మావయ్యా" అని తల వంచి, ట్రేతో సహా వంటింట్లోకి వచ్చేశాను. అప్పటికే సగం లేచిన ఆయన చెయ్యి దారి మళ్ళి మీసం సర్దుకుంది. నాన్న కప్పు కూడా ఆ ట్రేలోనే వెళ్ళిపోయింది.

అమ్మ కప్పుల్లోకి తొంగి చూసింది. "ఏటే, నిండుగానే ఉన్నాయి?"

"వద్దన్నారు."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"ఒకసారి వద్దంటే అది వద్దేటే? ఇలాగియ్యి, నానట్టుకెళ్తాను."

"మత్ జావో అమ్మా, వెళ్ళకు. రెండోసారి అడిగితే ఇన్సల్ట్."

"ఎవులికి?"

"మావయ్యకే. ఆయన ఇష్టాన్ని మనం గౌరవించాలి."

"ఆయనిష్టం టీ తాగడమేనే, పిచ్చి మొహమా."

నేను గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు. మా ఇంట్లో అమ్మ పెడతానంటోంది, కూతురు పెట్టనివ్వడం లేదు. పైగా చల్లారిపోతుందని ఒక కప్పు నేనే తాగేశాను. చప్పుడు కాకుండా తాగడం మా క్లాసులో ఇంకా నేర్పలేదు. నేను జుర్రిన ప్రతి గుక్కా హాల్లోకి వినిపించిందని నాన్న తర్వాత చెప్పారు.

మావయ్య ఉద్యోగం ఊసెత్తకుండా లేచారు. స్కూటరు స్టార్ట్ చేస్తూ నాన్నతో ఒక్క మాట మాత్రం అన్నారట. "మీ ఇంటికాడ టీ వాసన బాగుందిరా."

నాన్న లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. "షిఫ్టుకి అన్ని వందలమందికి టీ పోసే మనిషిని వాసన చూపించి పంపించీసినాం" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. ఉద్యోగం పోయినందుకు కొంత, సగం లేచిన ఆ చెయ్యి గుర్తొచ్చి కొంత.

మర్నాడు క్షమాపణ చెప్పడానికి రుఆబాంధా సెక్టర్లో వాళ్ళింటికి బయల్దేరాను. అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. "టీ ఇస్తే రెండుసార్లు వద్దను, మూడోసారి పుచ్చుకో. ముందే పుచ్చుకుంటే ఆబనుకుంటారు."

నేను వెళ్ళేసరికి మావయ్యే స్టౌ ముందున్నారు. చెంచా లేదు, కొలత లేదు. గుప్పిట్లోంచి ఆకు రాలింది, ఏలకులు పడ్డాయి, పాలు గిన్నె అంచుదాకా పొంగి ఆయన చెయ్యి ఆడించగానే బుద్ధిగా కిందికి దిగాయి. ఎత్తునుంచి గ్లాసులోకి పోస్తుంటే ఒక్క చుక్క బయట పడలేదు. నేను వచ్చిన పని మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయాను.

"తాగుతావేటమ్మా?" అన్నారు.

"వద్దండీ మావయ్యా, ఇప్పుడే తాగి వచ్చాను."

"యాజ్ యూ ప్లీజ్" అన్నారు మావయ్య. గ్లాసు పట్టుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

రెండోసారి అడుగుతారని చూశాను. గోడ గడియారం చూశాను. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆయన ఊదుకుని ఒక గుక్క తాగారు, కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగారు. ఏలకుల వాసన నా ముక్కుదాకా వచ్చి ఆగింది. అమ్మ మాట, సార్ నియమం, నా సిగ్గు, మూడూ ఒక్కసారే తెగిపోయాయి.

"మావయ్యా, నాకు టీ కావాలండి. నిన్న చేసింది తప్పేనండి. ముందు టీ ఇవ్వండి."

ఆయన నవ్వలేదు. లేచి నిండుగా ఒక గ్లాసు పోసి నా చేతిలో పెట్టారు. "నిన్న నానూ ఇదే మాట అనాలనుకున్నానమ్మా. నోరు రానేదు. ఇన్నేళ్ళు పోసిన చెయ్యి, అడగడం తెలీదు."

నేను తలెత్తలేకపోయాను. ఆ టీ మాత్రం అద్భుతంగా ఉంది. అంత సిగ్గులోనూ అది నాకు తెలుస్తూనే ఉంది.

"నీ ఉద్యోగం సంగతి గెస్ట్‌హౌస్ ఆయనకి పొద్దున్నే చెప్పీసినాను" అన్నారాయన. "వద్దంటే వద్దనే నమ్మీసే పిల్ల, బయటినుంచొచ్చే ఇంజినీర్లకి సరిగ్గా సరిపోతాది. మన వైపోళ్ళెవులైనా దిగితే మటుకు నువ్వు టీ మాటెత్తకు. నాకు ఫోన్ కొట్టు, నానొచ్చి పోస్తాను."

ఆ పూటే అల్లం, ఏలకులు, చక్కెర సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో తెలుగు మనిషిని టీ తాగుతారా అని అడగను. మా ఇంటికి రండి, మీరు నోరు తెరిచేలోపే కప్పు మీ చేతిలో ఉంటుంది. నిజంగానే వద్దనుకునేవాళ్ళు మాత్రం దయచేసి ఇంగ్లీషులో చెప్పండి.