సుల్తానా గొంతు

సుల్తానా గొంతు గురించి నంద్యాలలో మా ఆసుపత్రికి వచ్చిపోయిన వాళ్లెవరినైనా అడగండి, చెప్తారు. నేను అక్కడే మందుల షాపులో కూర్చుంటాను, నాకూ వినపడేది. ఇన్నేళ్ల నర్సు ఉద్యోగంలో ఆమె ఇంకేం సంపాదించిందో గానీ ఆ పేరు మాత్రం గట్టిగా సంపాదించింది. మగవాళ్ల సర్జరీ వార్డులో ఈ చివర నిలబడి ఒక్క మాటంటే, ఆ చివర పడుకున్నవాడు లేచి కూర్చునేవాడు.

కొత్తవాళ్లు దాన్ని కోపం అనుకునేవాళ్లు. నిజానికి ఆమె పని చేసే పద్ధతే అది. మనవాళ్లకు రోగి ఆకలితో ఉంటే చూడబుద్ధి కాదు. ఖాళీ కడుపుతో కోతకు ఎట్లా తట్టుకుంటాడని చాటుగా ఒక ఇడ్లీ ముక్కైనా నోట్లో పెడతారు. అందుకని ఫలానా మనిషికి ఆపరేషన్ ఉంది, ఏమీ పెట్టొద్దని ఒక మంచం దగ్గర చెప్పే మాటను వార్డంతా వినేలా చెప్పేది. ఆ తర్వాత పక్క మంచాల వాళ్లే కాపలా. ఎవరైనా టిఫిన్ పొట్లం విప్పితే వాళ్లే చెయ్యి పట్టుకునేవాళ్లు. అన్ని మంచాలకూ ఒక్క నర్సును పెడితే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

పోయిన ఎండాకాలం ఆమె అరుస్తుంటే ఎవరో ఫోన్లో తీసి ఊరంతా పంపించారు. ఆ వీడియోలో అరుపే ఉంది. మూత్రం గొట్టం పీకేసుకోబోతున్న మనిషి అందులో పడలేదు. మేనేజర్ జయప్రకాష్ పిలిచి, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే ఇంటికి పోవచ్చని చెప్పాడు. కోపం అదుపులో పెట్టుకోవడం ఎట్లాగో స్టాఫ్‌కంతా ఒక క్లాసు కూడా పెట్టించాడు. చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడి, గొంతు తగ్గించండి, గాఢంగా ఊపిరి పీల్చుకోండి, నవ్వుతూ మాట్లాడండి అన్నాడు. ఒక్క పూట ఆయన్ను ఆ వార్డులో వదిలితే ఏ మాత్రం నవ్వుతాడో చూడాలనిపించింది నాకు.

సుల్తానా మాత్రం మారు మాట్లాడలేదు. ఆళ్లగడ్డలో ఆమె భర్త ఫయాజ్ వెల్డింగ్ పనిచేసేవాడు. కంటిచూపు తగ్గి అతను షాపు మూసేసినప్పటి నుంచి ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. దాంతో నోరు కట్టేసుకుంది. సెలైన్ మార్చడం ఆలస్యమైందని తిట్టినా నవ్వింది. ఏందీ నీ పొగరు అని ఒకడు వేలు చూపిస్తే దానికీ నవ్వింది. సాయంత్రం బస్సులో సీటు దొరికితే చాలు, ఆళ్లగడ్డ దాకా కళ్లు తెరిచేది కాదు. ఒకరోజు కూరలో ఉప్పు తక్కువైందని కూతురు అంటే, పళ్లెం తోసేసి ఏడ్చిందట. పనికన్నా ఆ నవ్వే మనిషిని నలిపేసింది.

అట్లాంటి రోజుల్లో సంజామల వైపు పల్లె నుంచి మద్దిలేటి అనే రైతు హెర్నియా ఆపరేషన్‌కు వచ్చి చేరాడు. వెంట భార్య ఉమామహేశ్వరమ్మ తప్ప ఎవరూ లేరు, పిల్లల్లేరు వాళ్లకు. మధ్యాహ్నం ఆపరేషన్. పొద్దున డ్యూటీకి రాగానే సుల్తానా వాళ్ల దగ్గరికి పోయి, ఊపిరి పీల్చుకుని, నవ్వు మొహంతో, ఏమీ తినకూడదని ఆ ఇద్దరికే వినపడేలా చెప్పింది. ఉమామహేశ్వరమ్మ తల ఊపింది.

సుల్తానా ఇంకో మంచం దగ్గరికి పోగానే ఉమామహేశ్వరమ్మ బయట బండి మీద బొరుగుల ఉగ్గాని కట్టించుకొచ్చి మొగుడికి తినిపించింది. పక్కవాళ్లు చూశారు గానీ వాళ్లకేం తెలుసు? థియేటర్‌లో డాక్టర్ ఏమన్నా తిన్నావా అని అడిగితే మద్దిలేటి లేదన్నాడు. తిన్నానంటే వాయిదా వేస్తారని, మళ్లీ పొలం వదిలి రావాలని ఆయన భయం. మత్తులో ఉండగా కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఐసీయూలో పెట్టినా ఆ వారం దాటకుండానే పోయాడు.

మద్దిలేటి ఊరి నుంచి జీపుల్లో జనం దిగారు. సుల్తానాను చుట్టుముట్టి నోటికొచ్చినట్లు అన్నారు. ఆమె గొంతు పెంచకుండా, ఏమీ తినకూడదని ఆపరేషన్ రోజు పొద్దున్నే చెప్పినానని మాత్రం అంది. గోడకు ఆనుకుని కూర్చున్న ఉమామహేశ్వరమ్మ, ఆయమ్మ చెప్పింది నిజమే, ఏమీ అనొద్దండని వాళ్లను ఆపింది. తర్వాత సుల్తానా మొహంలోకి చూసింది.

"నువ్వు నవ్వుతా చెప్తివి గదమ్మా. పానం మీదికొచ్చే మాట ఎవురన్నా నవ్వుతా చెప్తారా? మర్యాదకు చెప్తాండావులే అనుకుంటి. ఒక్క అరుపు అరిచింటే నేను పెట్టింటానా?"

నేను షాపు తలుపు దగ్గర నిలబడి విన్నాను.

మర్నాడు జయప్రకాష్ స్టాఫ్ అందరినీ కూర్చోబెట్టి ఆమెను మెచ్చుకున్నాడు. అంతమంది మీదికొచ్చినా గొంతు లేపలేదు, అందరూ సుల్తానాను చూసి నేర్చుకోండి అన్నాడు. చప్పట్లు కూడా కొట్టించాడు. నాకు ఒళ్లు మండింది. సుల్తానా లేచి, రేపటి నుంచి ఆపరేషన్ మనుషులకు అరిచే చెప్తానని, ఫిర్యాదు వస్తే పంపించేయమని చెప్పింది. జయప్రకాష్, ఇంటి సంగతి ఆలోచించుకో అన్నాడు.

"ఆలోచించినా సార్. ఉద్యోగం పోతే మా ఇంట్లో ముగ్గురం ఉండాం, ఒకరి మొహం ఒకరు చూసుకుంటా ఎట్లనో బతుకుతాం. ఆ ఉమామహేశ్వరమ్మ ఇంట్లో ఇప్పుడు ఎవురుండారు?"

సుల్తానా కుర్చీ వెనక్కి జరిపి వార్డులోకి పోయింది.