ఉప్పు తగలని సెల్ఫు మోటారు

ఉప్పెన వెళ్లిపోయాక మా దివిసీమలో ఏది పట్టుకున్నా నాలిక్కి ఆనించి చూడటం అలవాటైపోయింది. చేలో మట్టి, బావిలో నీళ్లు, తడిసిన ధాన్యం, అన్నీ అంతే. సముద్రం ఎంతవరకు వచ్చిపోయిందో ఉప్పే చెప్పేది.

మా గొడ్లు పోయాయి. ఇంటి గోడలు పడిపోయాయి. మిగిలింది మా అబ్బాయి టాక్సీ ఒక్కటే. అదీ ఉప్పునీళ్లలో నాని కదల్లేదు. లారీకి మోకు కట్టి బందరు లాక్కెళ్లి ఒక షెడ్డులో పడేశాం. ఆ బండి తిరిగితేనే మా పొయ్యి వెలిగేది. బాగైందని కబురు వస్తే, నా గాజులు అమ్మిన డబ్బు రొంటిన దోపుకుని నేనూ వాడి వెంట వెళ్లాను.

షెడ్డు నిండా మా వైపు బళ్లే. ఉప్పెన ఆ షెడ్డువాళ్లకు చేతినిండా పని తెచ్చింది. మేస్త్రీ నోటితోనే లెక్క చెప్పాడు. బేరింగులు, డైనమో, తాళం తిప్పగానే ఇంజన్ని కదిలించే సెల్ఫు మోటారు, అన్నీ కొత్తవి వేశాడట. ఆపైన కూలీ.

"పాత సామాను ఇవ్వు మేస్త్రీ," అన్నాను. తీసిన సామాను బండివాళ్లకు ఇచ్చెయ్యడం అక్కడి ఆనవాయితీ.

"ఇనప కొట్టుకేస్తారా మామ్మగారూ? మొయ్యలేరండీ," అంటూనే గోనెసంచి తెచ్చి కుమ్మరించాడు.

ఒక్కొక్కటీ తీసి నాలిక ఆనించాను. "మామ్మగారికి పొద్దుట చద్దన్నం దొరికినట్టు లేదు," అన్నాడు పనివాడొకడు. అందరూ నవ్వారు. మా అబ్బాయి తల దించుకున్నాడు. బేరింగులు ఉప్పన. డైనమో ఉప్పన. సెల్ఫు మోటారు దగ్గర మాత్రం ఉత్త గ్రీజు చేదు.

"ఇది మా బండిది కాదు."

"మీదేనండీ. కడిగాం."

"కడిగితే అన్నీ కడుగుతావుగా. దీనికొక్కదానికే తలంటు పోశావా?"

బానెట్ ఎత్తించాను. కొత్తదని చెప్పిన మోటారు నల్లరంగు పూసుకుని నిగనిగలాడుతోంది. అడుగున పిన్నీసుతో గీకి, వేలు నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు.

నవ్వులు ఆగాయి. మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "పోన్లెండి, దాని డబ్బులివ్వకండి. మీ పాతదే ఉంచుకోండి. అది నాలుగు రోజులకు మించి తిరగదు, తర్వాత నన్ననకండి," అన్నాడు.

మా అబ్బాయి నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మా, దొంగైతే అయ్యాడు, కొత్తది వేయించుకుందాం. ఈ సెల్ఫు ఆగిపోతే రోజూ బండి ముందు ఇనప హ్యాండిల్ దూర్చి చేత్తో ఇంజన్ తిప్పాలి."

"తిప్పు. వీడికి ఇంకో పైసా ఇవ్వను. బాడుగలు వచ్చాక గుడివాడలో వేయిద్దాం."

మిగతావాటికి అడిగినంతా ఇచ్చి వచ్చేశాం. వాటికి చెప్పిన ధర న్యాయమో కాదో నాకు తెలియదు. నాలికకు ధర తెలియదు కదా.

బాడుగలు వచ్చాయి. సాయం పంచడానికి వచ్చినవాళ్లు, తమవాళ్లను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఎక్కేవారు. వచ్చింది వచ్చినట్టు ఇంటి కప్పుకీ బియ్యానికీ పోయింది. గుడివాడ వెళ్లడం పడలేదు. ఈలోగా సెల్ఫు ఆగిపోయింది. ఒక చలి ఉదయం అవనిగడ్డ బస్టాండు దగ్గర హ్యాండిల్ తిప్పుతుంటే అది వెనక్కి కొట్టి మా అబ్బాయి కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించాం. ఎముక వంకరగా అతుక్కుంది. స్టీరింగు పట్టు చిక్కలేదు.

"మా అత్తయ్యగారు మోటారు డబ్బులు మిగిల్చారు," అని కోడలు పొరుగావిడతో అనడం విన్నాను. అయినా ఆ మోటారు మాదే. ఆ మాట మీద ఇవాళా నిలబడతాను.

బండి అమ్మకానికి పెడితే, తిరగని సెల్ఫు చూసి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి బందరు నుంచి ఆ మేస్త్రీయే వచ్చాడు. బానెట్ ఎత్తను కూడా ఎత్తలేదు.

"లోపలేముందో నాకు తెలుసు కదండీ," అన్నాడు.

అతను చెప్పిన ధరకే ఇచ్చాం. మా అబ్బాయి తాళం ఎడంచేత్తో అందించాడు.