లోపలి మడత

కుట్టుపని చేసే ఒకామె, చిన్నపిల్లల గౌన్లకు అంచు లోపల నాలుగు వేళ్ల మడత పెట్టి కుడుతుంది, ఎదిగాక విప్పుకుంటారని. ఆమెకు ఏడేళ్లప్పుడు వాళ్లమ్మ అలాంటి గౌనే కుట్టిచ్చి, ఆ ఏడాదే చనిపోయింది. గౌను మోకాళ్ల పైకెక్కినా మడత విప్పే దిక్కు లేకపోయింది. మొన్న వేసవిలో భర్త ఇల్లు విడిచి వెళ్లాడు. అప్పటినుంచి సూదికి దారం ఎక్కించి, మిషన్ తొక్కకుండా అలాగే కూర్చుండిపోతుంది. కుట్టు షాపు నడిపే అక్క అడిగితే "ఏం లేదక్కా, ఒళ్లు బరువుగా ఉంది" అంటుంది.

నిన్న ఆ అక్క, ఆమె కుట్టిన ఒక ముసలావిడ నైటీ తిరగేసి నవ్వింది.

"ఇదేంటే, అరవై దాటినావిడకి మడత పెట్టావు? ఇంకెక్కడ ఎదుగుతుంది?"

ఆమె ఆ మడతను వేళ్లతో తడిమింది.

"ఏమో అక్కా, విప్పేవాళ్లుంటే ఎదుగుతుందేమో."