మావయ్య కాలికి ఏడు ఆకులు

మా మావయ్య, అంటే అమ్మకు తమ్ముడు, రైల్వేలో పనిచేసి రిటైరై ఆమదాలవలసలో ఉంటున్నాడు. చాలా ఏళ్లుగా సుగర్ ఉంది. ఒకసారి చీపురుపల్లిలో చర్చివాళ్ల పెళ్లికి కొత్త బూట్లు వేసుకుని వెళ్లాడు. భోజనాలయ్యాయి, ఫొటోలయ్యాయి, రైలెక్కి ఇంటికొచ్చాడు. బూటు విప్పితే లోపలినుంచి సోడా సీసా మూత ఒకటి జారిపడింది. పొద్దుటినుంచి దాని మీదే నడిచాడు. మేజోడు నెత్తురుతో తడిసింది గాని ఆయనకు నొప్పి లేదు. సుగర్ వల్ల అరికాలికి స్పర్శ ఎప్పుడో పోయిందని ఆ సాయంత్రమే తెలిసింది.

"నాను సోడా తాగనేలేదు కదే, మూత ఎలాగొచ్చింది?" అన్నాడు అత్తతో. వారం రోజులపాటు ఆయన బాధ అదే.

శ్రీకాకుళంలో డాక్టరు పుండు శుభ్రం చేసి, ఇన్సులిన్ పెంచి, రోజూ కట్టు మార్చమన్నాడు. ఆ కాలు నేల మీద మోపవద్దన్నాడు. మావయ్య వసారాలో కుర్చీ వేసుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్లు ఊరికే రాలేదు. ఒకరు గడ్డిచామంతి తెచ్చారు, ఒకరు వేపాకు, ఇంకొకరు కలబంద. పాస్టరు గారి భార్య పేరు తెలియని ఆకేదో తెచ్చి, దీనితోనే వాళ్ల నాన్నకు మానిందని చెప్పింది. ఫ్రిజ్‌లో కూరగాయల అర నిండిపోయి ఆకులు గుడ్ల దగ్గరికి వచ్చాయి. ఒకరోజు అత్త తోటకూర అనుకుని ఒక కట్ట పప్పులో వేసేసింది. పప్పు చేదుగా ఉండడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

నేను విజయనగరంలో ఒక కాలేజీలో బోటనీ చెబుతాను. అందుకని నన్ను పిలిపించారు.

"పేపర్లో సదివేనమ్మా. ఆకుల రసంతో సుగరు పుళ్లు మానతన్నాయట. నిజవేనా?"

"పరిశోధనలు జరుగుతున్నాయి మావయ్యా. ఆకులోంచి సారం తీసి, శుద్ధి చేసి, ఎలకల మీద చూస్తున్నారు. పచ్చి ఆకు నూరి పుండులో పెడితే మట్టీ క్రిములూ లోపలికి పోతాయి."

"ఎలకలకి మానిందా?"

"కొన్నిటికి మానింది."

"నాను ఎలక కంటే తీసిపోయేనేటి?"

ఎవరి ఆకు వాడకపోయినా వాళ్ల మనసు కష్టపడుతుందని ఆయన వారానికి ఒక టైంటేబుల్ రాశాడు. సోమవారం గడ్డిచామంతి, మంగళవారం వేప, అలా సాగి ఆదివారం పాస్టరమ్మ గారి ఆకు. పుండు ఒక్కటే, ఆకులు ఏడు.

అత్తా నేనూ వంటగదిలో కూడబలుక్కున్నాం. మావయ్యకు పొట్ట పెద్దది, వంగి అరికాలు చూసుకోలేడు. డాక్టరు చెప్పినట్టే కట్టు కట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆ కవరు మీద ఆ రోజు ఆకు ముద్ద పూసి, అరగంటయ్యాక కవరుతో సహా తీసి పారెయ్యాలి. అత్త రెండు నెలలు అలాగే చేసింది. మావయ్య కళ్లు మూసుకుని, "సల్లగా ఉన్నాదే" అనేవాడు.

పుండు మానింది. మావయ్య చర్చిలో లేచి దేవుడికీ, డాక్టరుకీ, ఏడు ఆకులకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. నేను నవ్వుకుంటూ విజయనగరం బస్సెక్కాను.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. అదే చర్చికి వచ్చే ఒక ముసలావిడ, కూలిపని చేసుకునే మనిషి, కాలి వేలికి సుగర్ పుండుపడితే ఆస్పత్రి మానేసి మావయ్య టైంటేబుల్ రాయించుకుని వెళ్లిందని అత్త ఫోన్ చేసింది. వేలు నల్లబడుతోందట. మర్నాడు పొద్దున్నే వెళ్లి, మావయ్యకు జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆయన మానిన కాలు ముందుకు చాపి చూసుకున్నాడు.

"అయితే ఆకు నాకు తగల్లేదన్నమాట."

"తగల్లేదు."

"కవరు మీద రాసినా మానిందంటే, ఎంత బలవైన ఆకో సూడు."

అత్త తల పట్టుకుంది. "మావయ్యా, ఆవిడ కాలు పోతాది" అన్నాను. ఆయన నా ముఖం చూసి, లేచి చొక్కా వేసుకున్నాడు.

ముగ్గురం ఆటోలో ఆవిడ ఇంటికి వెళ్లాం. ఆవిడ గడప దాటనంది. "ఆకు పన్జేస్తాది బాబూ. మీకు మానింది కదా."

"నాకు మాన్పినోడు డాక్టరు. ఆకు నా కాడికి రానేలేదు. మా ఇంట్లో ఆడోళ్లిద్దరూ కలిసి నన్ను ఎర్రోణ్ణి సేసేరు. లెగమ్మా" అన్నాడు మావయ్య. నిండు చర్చిలో ఆకులకు సాక్ష్యం చెప్పిన మనిషి, ఆ మాట వీధి వీధంతా వినేలా అన్నాడు.

ఆస్పత్రిలో ఆవిడకు చిటికెన వేలు తీసేశారు. పాదం దక్కింది. కట్టు మార్పించిన ప్రతిసారీ మావయ్యే వెంట వెళ్లాడు.

ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన చర్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, సుగర్ ఉన్నవాళ్లందరి అరికాళ్లూ పరీక్షిస్తాడు. పాస్టరు గారైనా కాలు చాపవలసిందే. మొన్న నేను వెళితే నన్నూ చెప్పులు విప్పమన్నాడు. నాకు సుగర్ లేదంటే వినలేదు. "కాలు ఇలాగెట్టమ్మా" అని టార్చి వేశాడు.