నాయన లేచి కూర్చుంటే

సువార్త యూనివర్సిటీలో చేసే పరిశోధన సంగతి వింటే గార్లదిన్నె ఆటోలో నవ్వనివాళ్లు లేరు. ఇంగ్లీషు, జర్మన్ మాట్లాడేవాళ్ల పూర్వీకుల నోట్లో 'ఇఫ్' అనే మాట, అంటే మన 'ఒకవేళ', ఎట్లా పుట్టిందో తేల్చాలట! ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. నవ్వనివాడు ఒక్కడే, ఆమె నాయన జోయల్.

"నా బిడ్డ ఎవురూ దున్నని చేను దున్నుతాండాది. మీకేమప్పా నొప్పి?" అని గదిమేవాడు.

కంకర మిల్లులో ఏండ్ల తరబడి దుమ్ము మింగిన జోయల్ ఈ వేసవిలో మంచం పట్టాడు. ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ ఆదివారం చర్చిలో, అందరి ముందూ, తల్లి నల్లమ్మ కొంగు చాపింది.

"నా మొగుడు లేచి కూర్చుంటే నా బిడ్డ సదువు మానేస్తాది ప్రభువా. ఇంటింటికీ వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా నీకే ఇడుస్తా."

బిడ్డను అడగకుండా బిడ్డను మొక్కుగా ఇచ్చేయడం ఆ సంఘంలో కొత్తేమీ కాదు. వానకు గొర్రెపిల్ల, రోగానికి ఆడపిల్ల. పదిమందిలో మొక్కాక వెనక్కి తీసుకోవడం ఉండదు. సువార్త కూడా కళ్లు మూసుకుని ప్రార్థించింది. నాయన బతికితే చాలు, అంతకంటే ఏం కావాలి?

కావాలి. అదే దరిద్రం. ఆమె రాయాల్సింది చివరి అధ్యాయం ఒక్కటే. 'ఇఫ్' అనుమానంలోంచి పుట్టిందని కొందరు పండితులంటారు, ఐరోపా ఉత్తరాన మంచుదేశాల పాతభాషలో ఆ మాటకు అనుమానమనే అర్థమూ ఉంది. ఆ సంగతి రాసి ముగించాలని ఆమె ఎంత ఆశపడిందో!

ఒక పొద్దున జోయల్ గంజి అడిగి తాగాడు. నల్లమ్మ సంతోషం పట్టలేక ఏడ్చి, పక్కింటికి చెప్పడానికి పరిగెత్తింది. సువార్తకు మాత్రం రాయని అధ్యాయం గుర్తొచ్చింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం పుట్టింది. మోకాళ్లూని, నాయనను లేపమని ప్రార్థన మొదలుపెడితే మాట సగంలోనే ఆగిపోయింది.

జోయల్ ఆమెనే చూస్తున్నాడు.

"మీయమ్మ మొక్కు సంగతి సూడొచ్చినోళ్లు సెప్పినార్లే," అన్నాడు మెల్లగా. "నువ్వు సదువుకో పాపా. నేను లేసేది లేదు."

ఆ పూట నుంచి అతను గంజి ముట్టలేదు. నల్లమ్మ బతిమాలింది, తిట్టింది, చెంచాతో పోస్తే పళ్లు బిగించాడు. ఆ వారం దాటలేదు.

మట్టి చేసి వచ్చాక పాస్టరయ్య, "మొక్కు నెరవేరలేదు గదమ్మా, నీకింక బంధం లేదు. సదువుకో," అని సువార్త తల నిమిరి వెళ్లాడు.

నల్లమ్మ గోడకు చేరగిలబడి ఉంది. గంజి గిన్నె ఇంకా మంచం కిందే ఉంది.

"అడిగి తాగిన మనిషి ఏంటికి నోరు మూసుకునినాడో! నీకేమన్నా సెప్పినాడా?"

"లేదమ్మా," అంది సువార్త.