అటూఇటూ బారిస్టరమ్మ

కోర్టు వరండాలో బారిస్టరమ్మను అందరూ వెనకాల ‘అటూఇటూ మేడమ్’ అంటారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఇన్నేళ్ళుగా ప్రభుత్వ సంస్థల తరఫునా, వాటి మీదా, యజమానుల తరఫునా, ఉద్యోగాలు ఊడినవాళ్ళ తరఫునా వాదించిన మనిషిని మరేమంటారు? అసలు ఆ వృత్తి నియమమే అలాంటిది. తీరిక ఉండి, తెలిసిన విషయమైతే, ముందు తలుపు తట్టినవాళ్ళ కేసు తీసుకోవాల్సిందే. మొహం నచ్చలేదనో, మొన్న అవతలి పక్షాన ఉన్నాననో తప్పించుకోకూడదు. ఇది ఆవిడతోపాటే ఉండే పిన్నికి ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా బుర్రకెక్కదు. “నువ్వసలు ఎవరి మనిషివే?” అని అడుగుతూనే ఉంటుంది. చాలాకాలం బారిస్టరమ్మ ఆ ప్రశ్నను నవ్వి కొట్టిపారేసింది.

బుర్రకెక్కకపోయినా పిన్ని వల్ల ఒక పెద్ద ఉపయోగం ఉంది. కేసు రేపనగా, సాయంత్రం ఆవిడ బట్టలు మడతపెడుతూ కూర్చుంటే బారిస్టరమ్మ ఎదురుగా నిలబడి అవతలి పక్షం వాదన వినిపిస్తుంది. తన పక్షానిది కాదు, అవతలివాళ్ళది. పిన్ని ఎక్కడ తలూపితే అక్కడ ప్రమాదం ఉన్నట్టు. రాత్రి భోజనం లోపల దానికి విరుగుడు వెతుక్కుంటుంది. ఏ పుస్తకంలోనూ లేని ఈ పద్ధతి ఆవిడను చాలాసార్లు గట్టెక్కించింది.

ఈసారి తలుపు తట్టింది ఒక పంపు ఆపరేటరు. నీటి సరఫరా సంస్థలో తాత్కాలిక ఉద్యోగి. ఒక రోజు తెల్లారేసరికి మోటారు ఆగిపోయి సగం ఊరికి నీళ్ళు రాలేదు. మధ్యాహ్నానికి ఇతన్ని ఇంటికి పొమ్మన్నారు. వాల్వు పగిలిందని ముందురోజే పైవాళ్ళకు చెప్పానంటాడు. ఆ ముక్క చెప్పుకుందామంటే వినే నాథుడే లేడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు, వచ్చే జీతం ఇదొక్కటే. ఉద్యోగం తిరిగి రాకపోతే పెద్దదాన్ని చదువు మాన్పించాలని, అదేదో తన తప్పన్నట్టు తల దించుకుని చెప్పాడు.

బారిస్టరమ్మ ఒకప్పుడు ఆ సంస్థకే లాయరు. పాత కక్షిదారు మీద నిలబడవచ్చా అని మర్యాదకు అడిగితే, అప్పటి రహస్యాలేవీ ఇప్పుడు పనికిరావు, నిక్షేపంగా నిలబడండి అన్నాడు వాళ్ళ కొత్త లాయరు. పైగా ఫోనులో కాస్త నవ్వాడు కూడా. ఆ నవ్వెందుకో విచారణకు ముందురోజు అతని కాగితాలు అందాక తెలిసింది. తాత్కాలిక ఉద్యోగిని సంజాయిషీ అడగకుండానే తీసేయవచ్చని ఒక పాత తీర్పును అతను పట్టుకున్నాడు. సంస్థ తరఫున వాదించినవారు ఎవరా అని చూస్తే, సాక్షాత్తూ తనే.

ఆవిడకు ఆ కేసే గుర్తు లేదు. కుర్చీలో కూలబడి రెండుసార్లు చదివింది. ఎంత బాగా వాదించిందని! విచారణ తేలేదాకా ఊరి దాహం ఆగదట, జీతం తీసుకునేవాడి సౌకర్యం కన్నా కుళాయి దగ్గర బిందె పట్టుకున్నవాళ్ళ అవసరం ముఖ్యమట. చదువుతుంటే గర్వంగానే అనిపించింది. సాయంత్రం అదే వాదన పిన్నికి వినిపించింది. పిన్ని మడతపెట్టడం మాని నోరు తెరుచుకుని వింది.

“నిజమేనే. నీళ్ళు రాకపోతే ఊరుకుంటామా? తీసేయడంలో తప్పేముంది?” అంది.

భోజనం అయిపోయింది గాని విరుగుడు దొరకలేదు. తన మాటలో కంత తనకే కనిపించలేదు. అప్పుడు నమ్మి చెప్పిందా, ఫీజుకు చెప్పిందా? నమ్మే చెప్పింది. మరి ఇప్పుడు ఇతన్నీ నమ్ముతోందే! ఈ రెండు నమ్మకాలూ ఒకే తలలో ఎలా ఇమిడాయో ఎంత తన్నుకున్నా అంతుపట్టలేదు.

మర్నాడు కోర్టు బయట బల్ల మీద పంపు ఆపరేటరు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుని, జడ్జిగారు అడిగితే చెప్పాల్సింది పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంటున్నాడు. అతన్ని చూడగానే బారిస్టరమ్మకు వేరొకడు గుర్తొచ్చాడు. పాత కేసులో అవతలి మనిషి. అతనూ ఇలాగే కూర్చున్నాడు, ఇలాగే పెదాలు కదిపాడు.

లోపల కొత్త లాయరు తీర్పు చదువుతుంటే జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అమ్మా, ఇంతకీ అప్పటి మిమ్మల్ని నమ్మమంటారా, ఇప్పటి మిమ్మల్నా?” అన్నారు. వెనక బెంచీల్లో నవ్వులు వినిపించాయి.

బారిస్టరమ్మకు సిగ్గేసింది. అయినా లేచింది. “ఆ రోజు అవతలి పక్షానికి లాయరు లేడు సార్. ఉద్యోగం పోయినాయన ఒక్కడే లేచాడు. నోట మాట రాక కూర్చుండిపోయాడు. నేను చెప్పిందానికి జవాబు చెప్పినవాళ్ళే లేరు. ఆ జవాబు ఇవాళ నేను చెబుతాను.”

చెప్పింది కూడా. తీసేసే ముందు ఇతన్ని ఒక్క మాట అడిగుంటే వాల్వు సంగతి అప్పుడే తెలిసేదని, ఊరికి నీళ్ళూ తొందరగా వచ్చేవని చెప్పింది. అంత తేలికైన జవాబు రాత్రి తనకెందుకు తట్టలేదో ఆవిడకు అర్థం కాలేదు. జడ్జిగారు పాత తీర్పును పక్కనపెట్టి, ఇతన్ని పనిలోకి తీసుకుని, ఆ తర్వాతే ఏదైనా విచారించుకోమన్నారు.

వరండాలో పంపు ఆపరేటరు దండం పెట్టబోతే ఆవిడ వారించింది. సంతోషించాల్సిన సమయమే. కానీ మనసులో ఆ పాత మనిషి మెదులుతూనే ఉన్నాడు.

“అప్పుడు ఓడిపోయినాయన ఏమయ్యాడో మీకేమైనా తెలుసా?” అని అడిగింది.

“తెలీదు మేడమ్. ఆయన్ని తీసేశాకేగా నన్ను పెట్టుకున్నారు. ఆ పంపు దగ్గరే. ఆయన టీ గ్లాసు ఇంకా అక్కడే ఉంది. నేనే వాడుకుంటున్నాను.”

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బారిస్టరమ్మ ఫైలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఇతని పిల్లల చదువు ఆగిపోకుండా నిలబడింది. ఆ పిల్లల ఇంట్లోకి మొదట జీతం వచ్చింది కూడా తను ఒకడి నోరు మూయించబట్టే. అతనికీ పిల్లలుండే ఉంటారు.

ఇంటికెళ్ళగానే గెలిచావా అని పిన్ని అడిగింది. గెలిచానందామంటే ఆ టీ గ్లాసు గుర్తొచ్చింది. ఓడిపోయానంటే అబద్ధమవుతుంది. బారిస్టరమ్మ చెప్పులు విడిచి కూర్చుని, ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు ఇమ్మంది.